ఇషిదా గారు చదివింది, నేను చెప్పింది

పోయిన చలికాలం పిన్నికి మోకాలి ఆపరేషన్ అంటే అబుదాబీ వెళ్ళాను. ఆస్పత్రిలో ఒకచోట కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. రెండో రోజుకే వరండాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే నర్సులు విసుక్కున్నారు. మూడో రోజు పిన్ని కొడుకు నన్ను కారులో తిప్పుకొస్తానన్నాడు. ఎక్కడికి అంటే నా నోటివెంట ముసఫ్ఫా అని వచ్చింది. "ముసఫ్ఫాలో ఏముందక్కా, గ్యారేజీలు, గోడౌన్లు తప్ప?" అన్నాడు వాడు. వాడు పుట్టేనాటికి నేను అక్కడ ఉద్యోగం చేసి మానేశాను కూడా. మా షెడ్డు ఉండాల్సిన చోట టైర్ల దుకాణం ఉంది. దాని వెనక మేం టైపు చేసుకునే గది ఉండాలి, ఆ గోడ కూడా లేదు. కారు దిగి ఆ ఇసుకలో పది నిమిషాలు నిలబడ్డాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అక్కడ నిలబడితే కదిలింది. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు. ఇక రాసేస్తే తప్ప నాకు నిద్ర పట్టదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. విశాఖపట్నంలో డిగ్రీ అయింది, టైపు హయ్యర్ పాసయ్యాను, పెళ్ళి సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతున్నాయి. ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవడం ఎందుకని బాబాయి నన్ను అబుదాబీ రప్పించాడు. ఆయనకి సముద్రంలో ఒక దీవి మీద చమురు సైటులో డ్యూటీ. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. ఎలక్ట్రా స్ట్రీట్‌లో పాత బిల్డింగు, ఆరో అంతస్తు, రెండు గదులు. తెల్లారి ఐదింటికి పిన్ని లేచి దోసెల పిండి గిన్నె మూత తీసిందంటే ఆ పులిసిన వాసనకే నాకు మెలకువ వచ్చేది. ఇంగువ డబ్బా మూత ఎంత బిగించినా బట్టల అలమరలోకి వాసన పాకేది. ఏసీలోంచి వచ్చే తడి వాసన, కింద బేకరీలో రొట్టెల వాసన, పిన్ని తిరగమోత, ఈ మూడూ కలిసిన గాలి నాకిప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆఫీసుకి ఆలస్యమైపోతున్నానని కంగారు పుడుతుంది. కంపెనీ బస్సు ఆరింటికల్లా వచ్చేసేది. ఒక్క నిమిషం ఆగడు డ్రైవరు.

ఆ ఏడు ఎండాకాలంలో తాతయ్య విజిట్ వీసా మీద వచ్చాడు. మా నాన్నకీ బాబాయికీ తండ్రి. బట్టల కొట్టులో గుమాస్తాగా చేసి మానుకున్నాడు, నాయనమ్మ పోయి రెండేళ్ళయింది. కొడుకు విమానం టిక్కెట్టు పంపితే కాదనలేక వచ్చాడు గానీ, వచ్చిన రోజు నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరగడమే. బయట ఎండకి మనిషి నిలవలేడు. అందుకని మా అంతస్తులో ఉన్న పొడుగాటి కారిడార్‌లో చేతులు వెనక్కి కట్టుకుని, లిఫ్టు దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి లిఫ్టు దాకా నడిచేవాడు. పక్క ఫ్లాటు మలబారు ఆవిడ మొదట్లో భయపడింది, తర్వాత తలుపు తీసినప్పుడల్లా మజ్జిగ ఇచ్చేది. "కాలికి బలపం కట్టుకున్నారా మావయ్యగారూ, కాసేపు కూచోండి" అని పిన్ని అంటే, "కూచుంటే నాకు ఊపిరాడదే" అనేవాడు. ఆయనకి నిజంగానే ఆడేది కాదు. మా నాన్న చిన్నప్పుడు కూడా తాతయ్య అంతేనట. అన్నం తింటూ మధ్యలో లేచి వీధిలోకి వెళ్ళి చూసి వచ్చేవాడట, ఎవరో వస్తారన్నట్టు.

ఆ రావాల్సిన మనిషెవరో మా ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్య పుట్టింది రంగంలో. రంగూన్‌నే కాదు, బర్మా మొత్తాన్నీ మా వైపు రంగం అనే అంటారు. వాళ్ళ నాన్న బర్మాలో ఒక నది ఒడ్డు ఊళ్ళో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. తాతయ్యకి పదకొండేళ్ళప్పుడు జపాను సైన్యం వస్తోందని ఊళ్ళో ఉన్న మనవాళ్ళంతా మూటలు కట్టుకుని కొండలెక్కి ఇండియాకి నడిచారు. తాతయ్యకి ఒక అక్క, వరహాలమ్మ. అప్పటికి పద్దెనిమిదేళ్ళు, నెలలు నిండిన మనిషి. ఆవిడ భర్తదీ అదే మిల్లు. అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో ఆవిణ్ణి కొండల మీద నడిపించలేక, మిల్లు వెనక లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, భర్త దగ్గరే వదిలి, ముందు ఊళ్ళోంచి బండి పంపిస్తామని చెప్పి వచ్చారు. ముందు ఊళ్ళో బండి దొరకలేదు, ఆ తర్వాత ఊళ్ళోనూ దొరకలేదు. అలా ఊళ్ళ తర్వాత ఊళ్ళు దాటి విశాఖపట్నం వచ్చిపడ్డారు. వరహాలమ్మ నుంచి ఉత్తరం ముక్క రాలేదు. బతికుందని చెప్పినవాళ్ళూ లేరు, పోయిందని చెప్పినవాళ్ళూ లేరు.

దీనివల్ల మా ఇంట్లో ఒక ఆచారం పుట్టింది. భాద్రపదంలో మహాలయ అమావాస్యకి ఇంటి మగవాళ్ళు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పి నువ్వులూ నీళ్ళూ వదులుతారు కదా. ఆ పేర్లలో వరహాలమ్మ పేరు ఉండకూడదు. తాతయ్య వాళ్ళమ్మ తలుపు వారన నిలబడి, పంతులుగారు అక్కచెల్లెళ్ళ దాకా వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టేదట, "దాని పేరు ఎత్తొద్దు బాబూ" అని. పేరు చెప్పి నీళ్ళు వదిలితే బతికున్న కూతుర్ని తన చేత్తో చంపినట్టే అని ఆవిడ లెక్క. ఆవిడ పోయింది. తాతయ్య కూడా అదే పట్టుకున్నాడు. కానీ డెబ్భై దాటాక ఆయన్ని కొత్త భయం పట్టుకుంది. అక్క నిజంగా ఆనాడే పోయి ఉంటే, ఇన్నేళ్ళూ ఆవిడకి గుక్కెడు నీళ్ళు ఇవ్వనివాడు తనే అవుతాడు. తను పోతే ఇక ఆవిడ పేరు తెలిసిన మనిషే ఉండడు. ఇస్తే ఒక తప్పు, ఇవ్వకపోతే ఇంకో తప్పు. కారిడార్‌లో ఆయన నడక అంతా ఈ రెంటి మధ్యే.

ముసఫ్ఫాలో మా కంపెనీ పైపులకి ఇనప సపోర్టులు చేసేది. నేను ఆఫీసులో టైపిస్టుని. ఇషిదా గారు మాకు వెల్డింగ్ సలహాదారు. జపాను మనిషి, అరవై దాటినవాడు, సన్నగా పొట్టిగా ఉండేవాడు, షర్టు చేతులు ఎప్పుడూ మడిచేవాడు కాదు. షెడ్డులో పాతికమంది తెలుగువాళ్ళూ, పఠాన్లూ, బెంగాలీలూ ఆయన్ని "సాన్" అని పిలిచేవాళ్ళు, అది వాళ్ళ భాషలో గారు అనడమని తెలియక, ఆయన పేరే అనుకుని. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపేసే వేళలుండేవి. షెడ్డులో మిషన్లు ఆగిపోయి, అందరూ నీడ వెతుక్కుని పడుకునేవాళ్ళు. ఒకరోజు ఆ వేళలో ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, వంగి దణ్ణం పెట్టినంత పని చేసి, "పద్మసాన్, సొంత పని ఒకటుంది. మీ విశ్రాంతి చెడగొడతాను" అన్నాడు. ఆయన కూతురు ఇంగ్లండులో అక్కడివాణ్ణి పెళ్ళి చేసుకుంది. మనవలకి జపాను భాష రాదు. వాళ్ళ కోసం తన తండ్రి యుద్ధకాలపు జీవితాన్ని ఇంగ్లీషులో రాయించాలని ఆయన కోరిక. తండ్రి జపాను సైన్యంలో జనరల్.

పద్ధతి ఇలా ఉండేది. చేతిలో పట్టేంత చిన్న నోటుబుక్కులు, నల్ల అట్టలవి, పదో పన్నెండో ఉండేవి. తండ్రి యుద్ధంలో జేబులో పెట్టుకుని రాసుకున్నవి. ఇషిదా గారు ఒక వాక్యం జపాను భాషలో గొణుక్కుని, కళ్ళు మూసుకుని, దాన్ని ఇంగ్లీషులో చెప్పేవాడు. నేను కంప్యూటర్‌లో టైపు చేసేదాన్ని. చెప్పింది మళ్ళీ దిద్దడం ఆయన అలవాటు కాదు. ఆ జనరల్ ఎక్కడో కొండ ఊళ్ళో పేద ఇంట్లో పుట్టి, సైనిక పాఠశాలలో చేరి, చీనాలో మంచులో మొదటి యుద్ధం చేశాడు. అక్కణ్ణుంచి ఓడలో దక్షిణానికి వచ్చి, ఇప్పుడు థాయిలాండ్ అంటున్న సయాం దాటి, సైకిళ్ళూ ఏనుగులూ వేసుకుని అడవి కొండల మీదుగా బర్మాలో దిగాడు. గెలుస్తున్నన్నాళ్ళూ ముందు వాన గురించి రాసేవాడు, తర్వాత తన గుర్రం గురించి, ఆ తర్వాతే శత్రువు గురించి. నెగ్గిన ఊళ్ళన్నీ రెండు లైన్లలో అయిపోతాయి, గుర్రానికి కాలు వాచిన రోజు మాత్రం పేజీ నిండిపోతుంది. ఓడిపోవడం మొదలయ్యాక అక్షరాలు చిన్నవైపోయాయని ఇషిదా గారు నాకు చూపించాడు. బూట్లు కుళ్ళిపోయిన సిపాయిలు, ఏరు దాటలేక ఒడ్డున కూర్చుండిపోయినవాళ్ళు, చివరికి ఒక బడి ఆవరణలో కత్తి తీసి తెల్ల ఆఫీసరు చేతికివ్వడం. జైల్లో కొన్నేళ్ళుండి ఇంటికొచ్చి, చచ్చేదాకా పళ్ళ తోట వేసుకుని, యుద్ధం మాట ఎత్తలేదట. "ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు. ఈ పుస్తకాలు చదివాకే ఆయన గొంతు విన్నాను" అన్నాడు ఇషిదా గారు. ఆ మాటకి నాకు ఆయన మీద ఇష్టం కలిగింది.

నాకు నోరు ఆగదు. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆ కబుర్లు చెప్పేదాన్ని. బర్మా అన్న మాట విన్న రోజు తాతయ్య ముద్ద కలపడం ఆపేశాడు. "ఏ ఊరు దిగాడు? ఏ దారంట వచ్చాడు?" అని మొదలుపెట్టి, ఆ నది వంపు, మూడు మిల్లుల పొగగొట్టాలు, ఇటుక మెట్ల రేవు, మిల్లు వెనక మనవాళ్ళ లైన్లు, అన్నీ పిన్ని పప్పు గరిటెతో కంచంలో గీసి మరీ చెప్పాడు. మర్నాటి నుంచి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి లిఫ్టు దగ్గరే ఎదురయ్యేవాడు. "ఎక్కడిదాకా వచ్చాడమ్మా మీ జనరలు?" అని రోజూ అదే ప్రశ్న. ఆయన ఆత్రం చూస్తే నాకు భయమేసేది. సెప్టెంబరు దగ్గరపడుతోంది, అమావాస్య వస్తోంది.

ఆ ఊరు వచ్చిన రోజు నాకు చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. నది వంపు, మూడు మిల్లులు, ఇటుక మెట్లు. ఇషిదా గారు కళ్ళు మూసుకుని తండ్రి మాటలు చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. మిల్లు వెనక భారతీయుల లైన్లలో కలరా ఉంది. నడవలేనివాళ్ళు లోపలే ఉన్నారు. లైన్లు తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాను, సాయంత్రానికి పని పూర్తయింది. ఆ తర్వాత వాక్యం గుర్రానికి నీళ్ళు దొరికాయని. అక్కడ ఆయన ఆగిపోయాడు. కళ్ళు తెరిచి, తను చెప్పింది తనే ఇప్పుడు విన్నట్టు తెర వంక చూశాడు. "పద్మసాన్, గుర్రం ముందున్న మూడు వాక్యాలు తీసేయండి. మనవలు చిన్నపిల్లలు" అన్నాడు. నేను మీట నొక్కి పట్టుకున్నాను. అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. అన్నాళ్ళలో ఆయన దిద్దించింది అదొక్కటే.

ఆ సాయంత్రం బస్సులో నా పక్కన రాజన్న కూర్చున్నాడు. జగిత్యాల వైపు మనిషి, మా షెడ్డులో పాత ఫిట్టరు. బస్సు ముందు మఫ్రఖ్‌లో వాళ్ళ క్యాంపు దగ్గర ఆగి తర్వాత ఊళ్ళోకి వచ్చేది. "ఏం బిడ్డా, గట్ల పరేషాన్‌గున్నవ్?" అన్నాడు. నేను మా ఇంటి కథ చెప్పాను, జనరల్ సంగతి మాత్రం దాచి. పోయిందని తెలిస్తే ముసలాయనకి చెప్పొచ్చా అని అడిగాను. "మా చిన్నాయన కొడుకు గీడికే అచ్చిండు. వీసా ఇచ్చిన కఫీల్ కాడికెల్లి పారిపోయిండట, పత్తా లేదు. ఇంటికాడ వాని పెండ్లాం పండుగ చెయ్యది, ఏడ్వది. పొద్దుందాక తొవ్వ చూసుడే. సచ్చిండని ఎవ్వలన్న చెప్తే ఒక్కపారి ఏడ్సి ఖలాస్ అనుకుంటరు. గా మాట చెప్పెటోడే లేకపాయె" అన్నాడు రాజన్న. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, "చెప్పు బిడ్డా. ముసలోడు ఏడుస్తడు, ఏడ్వనీ" అన్నాడు.

నేను ఆ రాత్రి చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఆ ఊరి పేజీ ఇంకా రాలేదని లిఫ్టు దగ్గరే అబద్ధం ఆడాను. తాతయ్య నా మొహం చూసి ఏం పసిగట్టాడో, "నువ్వెందుకమ్మా మధ్యలో, ఆయన్నే మనింటికి భోజనానికి పిలు. నేనే అడుగుతాను" అన్నాడు. కాదంటే అన్నం మానేసేలా ఉన్నాడు. ఇషిదా గారితో, మా తాతయ్య ఆ ఊరివాడని, అక్కని అక్కడే వదిలి వచ్చాడని, మిమ్మల్ని చూడాలంటున్నాడని చెప్పాను. రాను అంటాడనే అనుకున్నాను, అనాలని కోరుకున్నాను కూడా. "వస్తాను. రాకపోతే మర్యాద కాదు" అన్నాడు.

శుక్రవారం వచ్చాడు. బాబాయి దీవి మీద డ్యూటీలో ఉన్నాడు. పిన్ని పొద్దుటి నుంచీ నన్ను వాయించేసింది, జపానువాళ్ళు కారం తింటారా, చేప లేకుండా భోజనమేమిటి, చెంచాలు సరిపోతాయా అని. ఇషిదా గారు గుమ్మంలో బూట్లు విప్పి, వాటిని తలుపు వైపు తిప్పి జంటగా సర్ది లోపలికి వచ్చాడు. "మనవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా రాని బుద్ధి చూడు" అని పిన్ని అక్కడికక్కడే మెచ్చేసుకుంది. తాతయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని, గుండీలన్నీ పెట్టుకుని, ఆ రోజు మొదటిసారి కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. ఇద్దరు ముసలాళ్ళూ ఒకరికొకరు చేసుకున్న నమస్కారాలు ఎంతకీ తెమల్లేదు. పిన్ని బూరెలు వేయించడానికి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ఫ్యాను హోరులో ఇక్కడి మాట వినపడదు. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. ఇషిదా గారికి తెలుగు రాదు. మధ్యలో నేను.

"అడుగమ్మా. వాళ్ళ నాన్న ఆ ఊళ్ళో దిగినప్పుడు మిల్లు వెనక లైన్లలో ఎవరైనా ఉన్నారా? అంతే. ఇంకేటీ వద్దు నాకు" అన్నాడు తాతయ్య. నేను ఇంగ్లీషులో అడిగాను. ఇషిదా గారు జేబులోంచి రుమాలులో చుట్టిన నోటుబుక్కు తీశాడు. అది తెస్తాడని నేను అనుకోలేదు. పేజీలు తిప్పి, అక్కడ ఆగి, చదివాడు. మళ్ళీ చదివాడు. పుస్తకం మూశాడు. "లైన్లు ఖాళీగా ఉన్నాయి. అందరూ ముందురోజే పడవలెక్కి క్షేమంగా ఏరు దాటారు. మా నాన్నగారు అలా రాశారు" అన్నాడు ఇంగ్లీషులో. నా వంక చూడలేదు. నేను ఆ మూడు వాక్యాలు నా వేళ్ళతో కొట్టి చెరిపానని ఆయనకి తెలుసు. అక్క బతికే వెళ్ళిందన్న తీపి మాట ఒక ముసలాయనకి ఇచ్చి పోదామనుకున్నాడు. అంతకంటే మంచి కానుక ఉండదని ఆయన అనుకుని ఉంటాడు. ఆ మాట మా తాతయ్యని మళ్ళీ కారిడార్‌లోకే తోసేస్తుందని, బతికున్నన్నాళ్ళూ ఆ తలుపు తెరిచే ఉంచుతుందని ఆయనకేం తెలుసు?

"ఏటంటాడు?" అన్నాడు తాతయ్య, నా పెదాల వంకే చూస్తూ. కోపమొచ్చింది నాకు. ఇషిదా గారి మీద, ఆయన తండ్రి మీద, పెద్దవాళ్ళ భారమంతా నా నాలిక మీద పెట్టి కూర్చున్నందుకు ఈ ముసలాళ్ళిద్దరి మీదా. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది. "లైన్లలో కలరా వచ్చిందట తాతయ్యా. నడవలేనివాళ్ళు లోపలే ఉండిపోయారట. లైన్లకి నిప్పు పెట్టించాడట" అన్నాను. ఇషిదా గారు నా తెలుగుకి తల మెల్లగా ఊపుతూ, చిన్నగా నవ్వుతూ తాతయ్యని చూస్తున్నాడు. "ఆడవాళ్ళు ఉన్నారటా లోపల?" అని అడిగాడు తాతయ్య. ఉన్నారని నోటుబుక్కులో ఎక్కడా లేదు, లేరనీ లేదు. "ఉన్నారట" అన్నాను. ఆ ఒక్క మాట నాది. దాన్ని ఎవరి మీదా తోయలేను.

తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. "వాళ్ళ నాన్న ఆ మాట తన చేత్తో రాసుకున్నాడా?" అన్నాడు. రాసుకున్నాడన్నాను. "ఈయన దాన్ని మనింటికొచ్చి, నా ఎదురుగా కూచుని, చదివి చెప్పాడా?" అన్నాడు. "చెప్పాడు" అన్నాను. తాతయ్య లేచాడు. ఇషిదా గారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "కన్నతండ్రి చేసిన పని దాచకుండా చెప్పేవాణ్ణి నా జన్మలో చూడలేదు. ఈయన ధర్మాత్ముడమ్మా. చెప్పు, ఆ మాట చెప్పు ఆయనకి" అన్నాడు. నేను ఇషిదా గారికి, "మీరు చెప్పిన మాట విని మా తాతయ్య మనసు కుదుటపడింది, మీరు చాలా మంచివారంటున్నాడు" అని చెప్పాను. ఇషిదా గారు ఏడ్చేశాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఏడుస్తుంటే పిన్ని బూరెల పళ్ళెంతో వచ్చి, ఏం జరిగిందో తెలియక తనూ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం కన్నీళ్ళు రాలేదు. బాత్రూములోకి వెళ్ళి పంపు తిప్పి ఊరికే నిలబడ్డాను.

అమావాస్యనాటికి బాబాయి దీవి నుంచి వచ్చాడు. తాతయ్య తన పెట్టె అడుగున తెచ్చుకున్న దర్భలు తీశాడు. నల్ల నువ్వులు పిన్ని దగ్గరున్నాయి. బాల్కనీలో తడి తువ్వాలు పరుచుకుని, ఇత్తడి పళ్ళెం పెట్టుకుని, కింద రోడ్డు మీద కార్ల హారన్ల మధ్య ఒక్కొక్క పేరే చెబుతున్నాడు. నేను వంటింటి గుమ్మంలో గారెల పిండి చేతులతో నిలబడ్డాను. అక్కచెల్లెళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు. బాబాయి కూడా తలెత్తి చూశాడు. బావగారి గోత్రం చెప్పి, భర్తతో సహా అని, "వరహాలమ్మ" అన్నాడు తాతయ్య. గొంతు పెద్దదిగానే వచ్చింది. నీళ్ళు వదిలాడు, మళ్ళీ వదిలాడు, మూడోసారి కూడా వదిలాడు. ఆ మధ్యాహ్నం విస్తరి ముందు నుంచి మధ్యలో లేవకుండా అన్నం తిని, చాప వేసుకుని సాయంత్రం దాకా నిద్రపోయాడు. మలబారు ఆవిడ మజ్జిగ గ్లాసుతో తలుపు తట్టి, తాతగారికి ఒంట్లో బాగోలేదా అని అడిగింది. ఆ తర్వాత ఆయన బతికిన నాలుగేళ్ళూ కుర్చీలో కూర్చుని పేపరు చదువుకునే మామూలు ముసలాడిలానే ఉన్నాడు.

నేను మాత్రం అప్పట్నుంచీ ఒకచోట కూర్చోలేను. ఈ జబ్బు ఆయన నుంచే నాకు వచ్చింది. ఇప్పుడైతే చేతిలో ఫోను పెట్టి ఏ భాష పేజీనైనా ఫొటో తీస్తే అది క్షణంలో తెలుగులో చదివేస్తోందట, మా అబ్బాయి చూపించాడు. ఆ రోజుల్లో ఇద్దరు ముసలాళ్ళకి ఉన్నది నా నోరొక్కటే. ఆ నోటితో ఏం చెప్పినా నమ్మేవాళ్ళు. అంత నమ్మకం నా మీద మళ్ళీ ఎవరూ పెట్టలేదు. పెట్టబోయినా నేను తప్పుకుంటాను. బంధువుల మధ్య మాట మోయమన్నా, ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది పిన్నికి చెప్పమన్నా, ఇంకెవరినైనా పంపించేస్తాను.

ఇషిదా గారి సంగతి మిగిలింది. అమావాస్య వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. మొహం కడిగినట్టు తేటగా ఉంది. మొదటిసారి చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. నది ఒడ్డు ఊరి పేజీ తెరవమన్నాడు. గుర్రానికి నీళ్ళు దొరికిన వాక్యానికి ముందు చోటు చెయ్యమన్నాడు. "ఆ రోజు మీ తాతగారి మొహం చూశాను పద్మసాన్. ఒక మాటతో మనిషికి అంత శాంతి వస్తుందని నాకు తెలియదు. ఆ మాట మా నాన్నగారి పుస్తకంలో ఉండాలి. మనవలు చదవాలి" అన్నాడు. నేను చోటు చేశాను. ఆ శాంతి ఏ మాటతో వచ్చిందో చెప్పాలంటే, నేను ఆయన మాట మింగేసి ఆయన తండ్రి మాట చెప్పానని ఒప్పుకోవాలి. ధర్మాత్ముడని తాతయ్య కళ్ళకద్దుకున్న ఆ చేతులు ఆయన ఒళ్ళోనే ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకుని మెల్లగా చెప్పాడు. మిల్లు వెనక లైన్లు ఖాళీగా ఉన్నాయి, భారతీయులందరూ ముందురోజే పడవలెక్కి క్షేమంగా ఏరు దాటారు.

నేను ఒక్క అక్షరం తప్పు పోకుండా టైపు చేశాను. మా ఇంట్లో ఇప్పుడు తమ్ముడు ప్రతి మహాలయ అమావాస్యకీ వరహాలమ్మ పేరు చెప్పి నీళ్ళు వదులుతాడు. ఇంగ్లండులో, తెలుగు ముక్క రాని పిల్లల ఇంట్లో ఉన్న ఆ పుస్తకంలో, ఆవిడ బిడ్డని కడుపున పెట్టుకుని పడవలో కూర్చుని అవతలి ఒడ్డుకి చేరింది. అక్కడ ఆవిడ పేరు ఎవరికీ తెలియదు.